లారీ నొసటి నక్షత్రం

అంబర్‌పేట దాటి, రామంతాపూర్ మీదుగా ఉప్పల్ వైపు సాగే రోడ్డు వరంగల్లు పోయే పాత బాట. నాచారం కార్ఖానాలకు ముడిసరుకు తెచ్చే లారీలు, అక్కడ తయారైన సరుకును ఎత్తుకొని ఊళ్లకు పోయే లారీలు ఈ చుట్టుప్రక్కల నిత్యం కనిపించేవే. ఈ ప్రాంతపు పాఠకులకు లారీ కొత్త వస్తువు కాదు; దాని హారను మోతను నిద్రలోనైనా పోల్చుకోగలరు. అయితే లారీ ముఖాన్ని నిదానించి చూచినవారు ఎందరు? రెండు దీపాలు కన్నులవలె, నడుమ ఇనుపజాలీ పలువరుసవలె, ఆ జాలీ మధ్యనో, దానికి కొంచెం పైననో, సరిగా మనం బొట్టు పెట్టుకొనే చోట ఒక లోహపు బిళ్ల. అది ఒకనాడు మూడు మొనల నక్షత్రం. తరువాత ‘టి’ అనే అక్షరం. వేరొక కంపెనీ బండికి ఉదయించే సూర్యుడు. అమెరికాలో ఒక కంపెనీ లారీకైతే ఏకంగా ఒక కుక్క. ఆ బిళ్ల బండిని నడపదు, ఆపదు, చటాకు బరువు మోయదు. అయినా దానికొక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మన తెలుగునాటికి కూడ కొంత భాగం ఉన్నది.

నేడు మనం నగ అనుకొనేది మొదట నగ కాదు, మూత. మోటారు ఇంజను లోపల పెట్రోలో, డీజిలో మండుతుంది. ఆ మంట వలన పుట్టే వేడిలో కొంత మాత్రమే చక్రాలను త్రిప్పటానికి ఉపకరిస్తుంది. తక్కినది ఇనుమును కాల్చకుండా బయటికి పోవాలి. అందుకోసం ఇంజను చుట్టూ నీరు ప్రవహింపజేస్తారు. వేడెక్కిన నీరు ముందరనున్న రేడియేటర్‌లోనికి వచ్చి, సన్నని గొట్టాలగుండా దిగుతూ ఎదురుగాలికి చల్లబడి, మరల ఇంజనులోనికి పోతుంది. పూర్వపు బండ్లలో ఈ రేడియేటర్ బయటికే కనిపించేది. దాని నెత్తిన నీళ్లు పోయటానికి ఒక మూత ఉండేది. ఘాట్‌రోడ్డు ఎక్కేటప్పుడు నీరు తెర్లి ఆవిరైపోయేది. డ్రైవరు బండి నిలిపి, గుడ్డతో మూత పట్టి త్రిప్పి, చెరువులోనుంచో బావిలోనుంచో తెచ్చిన నీళ్లు పోసి బయలుదేరేవాడు. ఎండకాలంలో ఆ పని మరీ ఎక్కువ.

నీరు ఎప్పుడు తెర్లుతున్నదో కూర్చున్నచోటినుండి తెలియటం ఎట్లా? ఈ చిక్కు తీర్చటానికి 1910ల దశకంలో అమెరికాలో ఒక సాధనం ప్రచారంలోనికి వచ్చినది. దానిపేరు బాయిస్ మోటోమీటర్. మూతమీద నిలువుగా నిలబెట్టిన గుండ్రని అద్దపు బిళ్ల, దాని నడుమ జ్వరం చూచే గొట్టం వంటి ఉష్ణమాపకం. లోపలి ఆవిరి వేడిమినిబట్టి ఎర్రని గీత పైకి ప్రాకుతుంటే డ్రైవరు తన ఆసనం మీదనుంచే చూచి జాగ్రత్తపడేవాడు. అనగా బండి ముక్కు మీద కంటికి కనిపించేటట్లు ఏదో ఒక వస్తువు నిలబడటం అలవాటైనది. బండి కొన్నవారి చూపు, బండి నడిపేవారి చూపు, ఎదురువచ్చేవారి చూపు అన్నీ అక్కడికే పోయేవి. అందరి చూపూ పడే స్థలాన్ని వ్యాపారి ఊరికే విడిచిపెట్టడు గదా! కంపెనీలవారు ఆ మూతకు బొమ్మలు తగిలించినారు. తరువాత కొంతకాలానికి ఉష్ణమాపకం డ్రైవరు ముందరి పలకలోనికి వచ్చినది, నీళ్ల మూత బానెట్ క్రిందికి పోయినది. పని వెళ్లిపోయినది, బొమ్మ మాత్రం నిలిచిపోయినది.

ధనవంతుల కార్ల బొమ్మల కథలు చాలమందికి తెలిసినవే. రోల్స్ రాయిస్ కారుమీద రెక్కల వస్త్రంతో ముందుకు వంగిన స్త్రీమూర్తిని చార్లెస్ సైక్స్ అనే శిల్పి 1911లో రూపొందించినాడు. యజమానులు ఎవరికి తోచిన వికారపు బొమ్మలు వారు తగిలించుకొంటున్నారని, దానిని మాన్పించటానికే కంపెనీవారు తమ సొంత బొమ్మను చేయించినారు. మన నిజాముల రోల్స్ రాయిస్ కారు, పసుపుపచ్చనిది, నేటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో చూడవచ్చును. కాని మేము చెప్పదలచినది రాజుల వాహనాన్ని గురించి కాదు. బస్తాలు మోసే బండికి బొమ్మ ఎందుకు వచ్చినదన్నదే మా ప్రశ్న. కారు కొన్నవాడు నలుగురు చూడటానికి కొంటాడు. లారీ కొన్నవాడు అప్పు తీరటానికి కొంటాడు. అతనికి అందంతో పనేమున్నది?

హైదరాబాదు రోడ్లమీద ఇటువంటి పనిబండికి గుర్తుగా వచ్చిన పేరెన్నిక గల చిహ్నాలలో ఒకటి స్కాట్లండు దేశపు సూర్యుడు. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వేవారు తమ రోడ్డు రవాణాశాఖను 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించినారు. అవి గ్లాస్గో నగరానికి చెందిన ఆల్బియన్ కంపెనీ బండ్లు. 1899లో స్థాపితమైన ఆ కంపెనీ మొదట కార్లు కూడ చేసి, మొదటి ప్రపంచయుద్ధకాలానికి వాటిని మానుకొని, లారీలు, బస్సులమీదనే తన శక్తి అంతా పెట్టినది. వారి చిహ్నం కిరణాలు విరజిమ్ముతూ ఉదయించే సూర్యుడు. సూర్యోదయమెంత నిశ్చయమో మా బండి బయలుదేరటం అంత నిశ్చయమని వారి ప్రకటన. ఉదయం మొదటి బస్సు కోసం మూటాముల్లెతో నిలబడే ప్రయాణికునికి ఇంతకంటె తగిన వాగ్దానం మరొకటి ఉండదు. ఆ కాలపు ఆల్బియన్ బస్సునొకదానిని ‘డెక్కన్ క్వీన్’ అనే పేరుతో ఆర్టీసీవారు భద్రపరచినారు. సందర్భం వచ్చినది గనుక ఒక మాట: ఆర్టీసీ బస్సుల నంబరు పలకలో కనిపించే ‘జడ్’ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరమని జనశ్రుతి ఉన్నది. అది నిజమైతే బండి ముందర స్కాట్లండు సూర్యుడు, నంబరులో హైదరాబాదు తల్లి. ఈ రెండింటిలో తల్లియే ఎక్కువకాలం నిలిచినది. ఆల్బియన్ కంపెనీని 1951లో లేలండువారు కొన్నారు; తరువాత ఆ సూర్యుడు క్రమంగా అస్తమించినాడు.

పనిబండికి బొమ్మ వచ్చిన తీరును చెప్పటానికి అమెరికావారి కుక్క కథకు మించినది లేదు. మేక్ అన్నదమ్ములు బ్రూక్లిన్‌లో గుర్రపుబండ్లు చేసేవారు. 1900లో మోటారు బస్సు చేసినారు. 1916లో వారు ‘ఏ.సి.’ అనే నమూనా లారీని తెచ్చినారు. నేటి చల్లగాలి యంత్రానికి దీనికి సంబంధం లేదు, అది నమూనా పేరు మాత్రమే. ఆ లారీలో రేడియేటర్ ముందర కాక ఇంజను వెనుక, డ్రైవరు కాళ్ల దగ్గర ఉండేది. ముందర రేడియేటర్ లేకపోవటం వలన బానెట్ వాలుగా దిగి, మొద్దుముక్కుతో ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ లారీలు ఐరోపాకు వెళ్లినవి. ఫిరంగులు తిరిగిన బురదనేలలో ఇతర బండ్లు దిగబడినచోట ఇవి గునుస్తూ సాగిపోయేవట. ఆంగ్ల సైనికులు ఆ మొద్దుముక్కును, ఆ మొండిపట్టును చూచి దానిని బుల్‌డాగ్ అనటం మొదలుపెట్టినారు. బుల్‌డాగ్ వారి దేశపు కుక్క. పట్టినపట్టు విడువని జాతి. అనగా పేరు పెట్టినది కంపెనీ కాదు, బండిని వాడినవారు.

కంపెనీవారు ఆ పేరును 1921 ప్రాంతాలలో తమ అధికారిక చిహ్నంగా స్వీకరించినారు. మొదట అది బొమ్మ కూడ కాదు, క్యాబిన్‌కు రెండుప్రక్కల మేకులతో బిగించిన రేకు పలక. దానిమీద ఒక బుల్‌డాగ్ ఒక పుస్తకాన్ని నోట కరచి చీల్చుతూ ఉంటుంది. ఆ పుస్తకం పేరు ‘మోతఖర్చులు’. లారీ యజమాని మనస్సును ఇంతకంటె బాగా ఎరిగి గీచిన చిత్రం మేము చూడలేదు. అతనికి కావలసినది అందం కాదు; ఖర్చులపుస్తకం చిరిగిపోవటం!

ఇక బానెట్ మీది బొమ్మ సంగతి. ఆల్‌ఫ్రెడ్ ఫెలోస్ మసూరీ అనే ఆయన ఆ కంపెనీకి ముఖ్య ఇంజనీరు. 1932లో శస్త్రచికిత్స చేయించుకొని ఆసుపత్రిలో ఉన్నాడు. జీవితమంతా యంత్రాలమధ్య గడిపిన మనిషికి మంచంమీద ఊరక పడుకోవటం ఎంత కష్టమో ఊహించుకోవచ్చును. చేతికి పని కావలసి, చిన్న కత్తి తీసుకొని ఒక బుల్‌డాగ్ ఆకారాన్ని చెక్కినాడు. ఛాతీ ముందుకు పొడుచుకొని, కాళ్లు వెడల్పుగా ఊని, ఎదురుగాలిని లెక్కచేయనట్టు నిలబడిన కుక్క అది. ఆ ఏడే దాని ఆకృతికి హక్కు పొందినాడు. ఆ నాటినుంచి మేక్ లారీలన్నిటికీ అదే బొమ్మ. మసూరీ దాని కీర్తిని చూడటానికి ఎక్కువకాలం బ్రతకలేదు. 1933 ఏప్రిల్ 4న అమెరికా నౌకాదళపు ‘ఏక్రన్’ అనే ఆకాశనౌక తుపానులో సముద్రంలో కూలిపోయినది. అందులోని 76 మందిలో 73 మంది మరణించినారు. ఆ మరణించినవారిలో ఆయన ఒకడు. మేక్ కంపెనీ 2000లో స్వీడను దేశపు వోల్వో వారి అధీనంలోనికి పోయినా కుక్క పోలేదు. పైగా దానికొక సంకేతం కూడ ఏర్పడినది: బొమ్మ బంగారువన్నెది అయితే ఇంజను, గేర్లు, ఇరుసులు అన్నీ మేక్ వారు చేసినవే, వెండివన్నెది అయితే వాటిలో కొన్ని బయటివారివి. నగకు మరల ఒక పని దొరికినదన్నమాట.

ఇక మన నక్షత్రం. దాని పుట్టుక ఒక ఉత్తరంలో ఉన్నది. జర్మనీలో గాట్లీబ్ డైమ్లర్ అనే ఇంజనీరు 1872లో డాయిట్స్ అనే ఊరి ఇంజను కర్మాగారంలో ఉద్యోగానికి చేరినాడు. అక్కడినుండి ఇంటికి వ్రాసిన కార్డుమీద ఆ ఊరి చిత్రం ఉండగా, తాను కాపురముండే ఇంటిపైన ఒక నక్షత్రం గీచినాడట. ఆ నక్షత్రం ఒకనాడు తన కార్ఖానామీద ప్రకాశిస్తుందని భార్యకు వ్రాసినట్లు ఆ కుటుంబపు కథ. డైమ్లర్ 1900లో గతించినాడు. చిహ్నం కావలసివచ్చినప్పుడు ఆయన కుమారులు పాల్, అడాల్ఫ్ ఆ నక్షత్రాన్ని జ్ఞప్తికి తెచ్చినారు. 1909లో కంపెనీవారు మూడు మొనల నక్షత్రాన్ని, నాలుగు మొనల నక్షత్రాన్ని రెండింటినీ రిజిష్టరు చేయించినారు. వాడుకలోనికి వచ్చినది మూడు మొనలది. 1910 నుంచి అది రేడియేటర్ మీదికి ఎక్కినది. మూడు మొనలు నేల, నీరు, ఆకాశం; ఈ మూడింటిలోనూ తమ ఇంజను నడుస్తుందని భావం. ఇది వట్టి గొప్ప కాదు. డైమ్లర్ 1886లోనే బండికి, పడవకు తన ఇంజను బిగించినాడు. 1888లో అది ఒక ఆకాశనౌకను కూడ నడిపినది.

1920ల ఆరంభంలో నక్షత్రం చుట్టూ వలయం వచ్చి చేరినది. అదే సుమారుగా నేడు మనం ఎరిగిన రూపం. 1926లో డైమ్లర్ కంపెనీ తన చిరకాలపు పోటీదారైన బెంజ్ కంపెనీతో కలిసిపోయినప్పుడు బెంజ్ వారి పత్రమాల నక్షత్రం చుట్టూ అమరినది. పోటీదారులు కలిసినప్పుడు ఒకరి గుర్తు మరొకరి గుర్తును మ్రింగటం లోకరీతి. ఇక్కడ ఒకటి మరొకదానికి దండ అయినది. లారీల విషయంలో కూడ ఈ రెండు ఇండ్లకూ పెద్దరికం ఉన్నది. 1896లో ప్రపంచంలో మొట్టమొదటి మోటారు లారీని చేసినవాడు డైమ్లరే. నాలుగు గుర్రాల బలం, 1500 కిలోల మోత. ఇంజను వెనుక ఉండేది. చూపరులకు అది గుర్రాలు విప్పేసిన సరుకుబండివలె ఉండేది. దానిని కొన్నవారు లండనువారు. డీజిల్ ఇంజను లారీని 1923లో బెంజ్ వారు తెచ్చినారు.

ఆ నక్షత్రం మన దేశపు లారీల నొసటికి వచ్చినది 1954లో. టాటావారు 1945లో రైలు ఇంజన్లు చేయటానికి స్థాపించిన టెల్కో అనే సంస్థ, డైమ్లర్ బెంజ్ వారితో 15 సంవత్సరాల ఒడంబడిక చేసుకొని, జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీలు తయారుచేయటం మొదలుపెట్టినది. బండి పేరు టాటా మెర్సిడెస్ బెంజ్. జాలీ నడుమ వలయంలో మూడు మొనల నక్షత్రం. జర్మనీలో కోటీశ్వరుని కారుమీద ఉండే గుర్తు ఇక్కడ ఉప్పుబస్తాలు, వడ్లు, బొగ్గు మోసే బండిమీద నిలిచినది. మాకు ఈ సంగతి ఎప్పుడూ ముచ్చటగానే తోస్తుంది. ఆ రోజులలో మన పల్లెలో ఒక కుర్రవాడు ‘బెంజి’ అంటే అతని కంటికి కనబడేది నల్లని కారు కాదు, దుమ్ములేపుకొంటూ వచ్చే లారీ.

ఇక్కడ పాఠకులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. మన దేశంలో ఆ కాలపు లారీ కర్మాగారంనుండి పూర్తిగా తయారై వచ్చేది కాదు. కంపెనీవారు అమ్మేది చాసిస్: అనగా ఉక్కుపట్టీల చట్రం, ఇంజను, చక్రాలు, స్టీరింగు, ముందర బానెట్, జాలీ, దీపాలు. అంతే. తలుపులు లేవు, కప్పు లేదు. జంషెడ్‌పూర్ నుంచి ఆ చాసిస్‌ను నడిపించుకొని వచ్చే డ్రైవరు తాత్కాలికంగా అమర్చిన ఆసనంమీద కూర్చొని, తలకు గుడ్డ చుట్టుకొని, ఎండకు, వానకు, ఎదురుగాలికి ఓర్చి వందలమైళ్లు వచ్చేవాడు. ఆపైన యజమాని దానిని వడ్రంగులకు అప్పగించేవాడు. విజయవాడలోనో, హైదరాబాదులోనో బాడీ కట్టే షెడ్డులో గట్టి కొయ్యతో క్యాబిన్, తొట్టి, ప్రక్కపలకలు తయారయ్యేవి. కమ్మరి ఇనుపపట్టీలు వేసేవాడు. చిత్రకారుడు అద్దంపైన దైవం పేరు, తలుపుమీద యజమాని పేరు, వెనుక పలకమీద నెమలినో, కమలాన్నో వ్రాసేవాడు. ఈ పద్ధతి నేటికీ పూర్తిగా పోలేదు.

దీని పర్యవసానం ఏమి? కంటికి కనిపించే లారీలో ముక్కాలు మువ్వీసం మన ఊరి పనివారిది. దూరపు కర్మాగారానిది ఆ ముక్కు ఒక్కటే. ఆ ముక్కుమీది బిళ్ల కర్మాగారపు చేవ్రాలు. పొలం తాకట్టుపెట్టి, బావమరిది వాటా కలుపుకొని చాసిస్ కొన్న రైతు ఏమి కొన్నాడు? కొయ్యను అతను చూచి ఎంచుకోగలడు, రంగును చూచి తప్పు పట్టగలడు. ఇంజను లోపలి ఉక్కును అతను చూడలేడు. చూడలేని దానిని నమ్మటానికి అతనికి దొరికిన ఆధారం ఆ బిళ్ల. దారిలో బండి ఆగితే విడిభాగం ఏ ఊళ్లో దొరుకుతుంది, ఏ మెకానిక్కు దానిని విప్పగలడు, నాలుగేండ్ల తరువాత అమ్మదలిస్తే ఎంత పలుకుతుంది అనే మూడు ప్రశ్నలకూ ఆ బిళ్లే సమాధానం చెప్పేది. లారీ యజమానికి బొమ్మతో పనేమని ముందు అడిగినాము గదా, పని ఇది.

అందుచేతనే 1969లో ఒడంబడిక గడువు తీరటం సామాన్య విషయం కాదు. నక్షత్రం ఇంక వాడరాదు. అప్పటికే విడిభాగాలలో అత్యధికభాగం ఈ దేశంలోనే తయారవుతున్నవి. పనివారు వారే, యంత్రాలు అవే, బానెట్ వంపు అదే. మారినది బిళ్ల. టాటావారు నక్షత్రం ఉన్నచోట ‘టి’ అక్షరాన్ని నిలిపినారు. ఆ అక్షరాన్ని ఒక్కసారి మనసులో ఊహించండి: పైన అడ్డగీతకు రెండు కొసలు, క్రింద నిలువుగీతకు ఒక కొస. మొత్తం మూడు కొసలు! వలయంలో పెట్టినప్పుడు దూరంనుంచి చూచేవానికి అది తలక్రిందులైన నక్షత్రం వంటిదే. దీనిని బుద్ధిపూర్వకంగా చేసినారో లేక అక్షరస్వభావమే అటువంటిదో అని తర్కించటం మా పని కాదు. పాత ముఖానికి కొత్త బొట్టు కుదిరినదని మాత్రం ఒప్పుకోవాలి. నమూనాల పేర్లు కూడ పాతపద్ధతినే సాగినవి. ‘1210’ అనే అంకెను ఎరుగని లారీ డ్రైవరు ఉండడు. జర్మనీ లెక్కప్రకారం మొదటి 12 బండి, సరుకు కలిసి టన్నులలో ఉండే మొత్తం బరువుకు, చివరి 10 పదుల లెక్కన గుర్రాల బలానికి, అనగా సుమారు 100కు, గుర్తు. గుర్తు మారినా లెక్క మారలేదు.

ప్రక్కనే మరొక సంప్రదాయం ఉన్నది, క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాము. 1948లో మద్రాసు సమీపాన స్థాపితమైన అశోక్ మోటార్స్ 1955లో ఆంగ్లేయుల లేలండు కంపెనీతో చేరి అశోక్ లేలండ్ అయినది. లేలండువారికి బొమ్మలకంటె పేర్లమీద మక్కువ. కామెట్, టైగర్, బీవర్, హిప్పో, టైటన్. తోకచుక్క మొదలుకొని నీటిగుర్రం వరకు వారి రేడియేటర్లమీద పేర్లు అక్షరాలలో వెలిసినవి. తెలుగువారు వాటిని చూచి ‘లేలండు’ అన్నారే గాని ‘హిప్పో’ మీద పోతున్నానన్నవారు తక్కువ.

బిళ్ల పోయినా పేరు పోలేదనటానికి మన విజయవాడే సాక్ష్యం. హైదరాబాదునుంచి మచిలీపట్నం పోయే రహదారి, మద్రాసునుంచి కలకత్తా పోయే రహదారి ఆ నగరంలో ఒకదానినొకటి కోసుకొనేచోటిని బెంజ్ సర్కిల్ అంటారు. అక్కడ ఆ రోజులలో బెంజ్ బండ్లు అమ్మే సంస్థ ఉండటం వలన ఆ పేరు వచ్చినదని స్థానికులు చెపుతారు. అక్కడ ఏ రాజు పేరూ లేదు, ఏ నాయకుని పేరూ లేదు. ఒక జర్మను ఇంజనీరు ఇంటిపేరు ఉన్నది. కార్ల్ బెంజ్ 1929లో చనిపోయినాడు, ఆయన ఆంధ్రదేశం పేరు విన్నాడో లేదో! ఆ సర్కిల్‌కు సమీపానే లారీలు బాగుచేసే ఆటోనగర్ 1960ల దశకంలో వెలిసినది. లారీల వ్యాపారంలో విజయవాడకు దేశంలో పెద్దపేరు ఉన్నది గనుక ఆ పేరు అక్కడ వేళ్లూనటం వింత కాదు. 2020లో సర్కిల్‌పైన వంతెన వచ్చి, దూరప్రయాణపు లారీలు పైనుంచి సాగిపోతున్నవి. క్రింద ఆటోవాలాలు ‘బెంజి, బెంజి’ అని కేకలు వేస్తూనే ఉన్నారు.

ఒక గుర్తు ప్రజలలో ఇంతగా నాటుకొన్నప్పుడు దానిని ఎవరో ఒకరు వాడుకొనజూస్తారు. డిల్లీలో ఒక వ్యాపారి లోదుస్తులకు ‘బెంజ్’ అని పేరు పెట్టి, పెట్టెమీద వలయంలో కాళ్లు ఎడంగా చాచి చేతులు పైకి జోడించి నిలబడిన మనిషి బొమ్మను వేయించినాడు. ఆ మనిషి కూడ మూడు మొనలే! జర్మను కంపెనీవారు దావా వేసినారు. 1993లో డిల్లీ హైకోర్టు ఆ పేరునూ, ఆ బొమ్మనూ వాడరాదని ఉత్తరువిచ్చినది. కారుకు, బనీనుకు పోటీ ఏమిటని పాఠకులకు తోచవచ్చును. కాని లోకప్రసిద్ధమైన గుర్తును ఎవరైనా ఏ సరుకుమీదనైనా అంటించుకోవచ్చునంటే ఇక గుర్తుకు అర్థమేముంటుంది? లారీ యజమాని దృష్టిలో ఇది మరీ ముఖ్యం. నకిలీ ఫిల్టరు పెట్టెమీది దొంగముద్ర అతని ఇంజనును కాల్చివేయగలదు.

డైమ్లర్ వారికి టాటా కంపెనీలో మిగిలిన వాటాను 2010లో వారు అమ్మివేసినారు. మరి రెండేండ్లకే, 2012లో, వారు స్వయంగా మద్రాసు సమీపాన ఒరగడం వద్ద లారీలు చేసి విడుదల చేసినారు. ఆ బండి పేరు భారత్‌బెంజ్. పాత పేరు మరల వచ్చినది; కాని ముఖంమీద మూడు మొనల నక్షత్రం లేదు, దాని స్థానంలో వేరొక చిహ్నం ఉన్నది. టాటావారికి పేరూ పోయి నక్షత్రమూ పోయినప్పుడు జనం పేరును దాచిపెట్టినారు. అసలు యజమాని తిరిగివచ్చినప్పుడు ఆ పేరును తీసుకొని నక్షత్రాన్ని వెనుకనే ఉంచుకొన్నాడు. ఆ నక్షత్రం ఈ దేశంలో ఇప్పుడు ఖరీదైన కార్లది; దానికి వడ్లబస్తాతో చుట్టరికం కలుపుకోవటం వారికి అంతగా రుచించలేదని మా అభిప్రాయం. వారి లెక్కలు వారికుండవచ్చును గాని, 15 సంవత్సరాలు మన గోతుల రోడ్లమీద ఆ నక్షత్రం మర్యాద నిలబెట్టినది లారీయే గాని కారు కాదు.

ఇక నిలుచుండే బొమ్మల కాలం దాదాపు ముగిసినది. బండి తగిలినప్పుడు మనిషి శరీరంలో గుచ్చుకొనే వస్తువు ముక్కుమీద ఉండటం ప్రమాదమని అందరూ గ్రహించినారు. 1974లో ఐరోపా దేశాలవారు కార్లకు ఒక నిబంధన చేసినారు: బయటికి పొడుచుకొని వచ్చే అలంకారం సుమారు పది కిలోల ఒత్తిడి తగిలితే వంగాలి, లేదా లోపలికి పోవాలి, లేదా ఊడిపోవాలి. జర్మనువారి కారుమీది నక్షత్రం వేలితో త్రోస్తే స్ప్రింగుమీద వాలిపోవటం అందుకే. లారీలలోనైతే ముక్కే పోయినది. ఇంజను పైననే క్యాబిన్ కూర్చోబెట్టటం వలన పొడవు కలిసివచ్చి, అంతే రోడ్డులో ఎక్కువ సరుకు పట్టుతుంది. బల్లపరుపు ముఖంమీద బొమ్మ నిలబడటానికి చోటులేదు. చిహ్నం జాలీలోనికి నొక్కుకొనిపోయి, పోతలోహం నుంచి ప్లాస్టిక్కుకు మారినది.

అయితే మన లారీ ముఖం ఎన్నడూ కంపెనీవారు పంపినట్లే ఉండలేదు. జాలీకి ప్రక్కన నిమ్మకాయ, మిరపకాయల తోరణం. బంపరుకు దిష్టికోసం నల్లని జడ. అద్దం పైన కనుబొమ్మలవలె రంగుకుచ్చులు. దసరానాడు ఆయుధపూజకు బండిని కడిగి, దీపాలకు, స్టీరింగుకు పసుపుకుంకుమలు పెట్టి, పూలదండను జాలీకి కట్టి, చక్రాల క్రింద నిమ్మకాయలు ఉంచి ముందుకు నడిపిస్తారు. బొట్టు పెట్టేవారు చిహ్నపు బిళ్ల మధ్యననే పెడతారు. నాచారం దగ్గర నిలిచిన లారీల వరుసను ఏ దసరా మరునాడైనా చూడవచ్చును: ‘టి’ అక్షరం నిలువుగీతమీద కుంకుమ ఎండి నల్లబడి ఉంటుంది, దానిక్రింద నిమ్మకాయ వేలాడుతూ ఉంటుంది.